మల్లి పొట్ట మీద వెంట్రుకలు ఏమయ్యాయి?

మేం పుదుచ్చేరికి వచ్చిన అయిదో వారం. ఒక సాయంత్రం మా అమ్మాయి పిల్లిని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, "అమ్మా, ఒకసారి ఇలా రా" అని పిలిచింది. వెళ్లి చూస్తే మల్లి పొట్ట మీద అరచేయంత మేర వెంట్రుకలు లేవు. వెనక తొడల లోపలి వైపు కూడా అంతే. పుండు లేదు, చీము లేదు, పొలుసులు లేవు. ఎవరో శ్రద్ధగా క్షవరం చేసినట్టు చర్మం గులాబీ రంగులో నున్నగా ఉంది.

మేం కాకినాడ నుంచి వచ్చాం. బదిలీ ఉత్తర్వు రావడం, సామాను కట్టడం, లారీ వెనకాల మనం వెళ్లడం, కొత్త ఇంట్లో మొదటి రాత్రి చాప మీద పడుకోవడం ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. మల్లిని బుట్టలో పెట్టి, విజయవాడ, నెల్లూరు, చెన్నై మీదుగా కారులో తెచ్చాం. దారి పొడవునా అరుస్తూనే ఉంది. అందుకే దాని పొట్ట చూడగానే ఇంట్లో అందరికీ ఒకటే తోచింది. బెంగ పెట్టుకుంది!

మా పక్క వాటాలో యానాం నుంచి వచ్చిన పెద్దావిడ ఉంటారు. యానాం కాకినాడకు దగ్గరే అయినా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం కదా, అక్కడివాళ్లు ఉద్యోగాల మీద ఇక్కడికి వస్తుంటారు. ఆవిడ చూసి, "పిల్లి ఇంటిని పట్టుకుని ఉంటుందమ్మా, మనుషుల్ని కాదు. దాన్ని తిరిగి పంపించెయ్యండి" అన్నారు. కాకినాడలో మా పాత ఇంటివాళ్లు కూడా "తెచ్చి ఇచ్చేయండి, మేం చూసుకుంటాం" అన్నారు. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం తినలేదు.

అదృష్టం కొద్దీ పంపేముందు ఒకసారి డాక్టరుకు చూపిద్దామనుకున్నాం. ఆవిడ దగ్గర కూర్చున్న అరగంటలో నాకు తెలిసినవి, ఆ తరువాత చదివి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పిల్లి ఉంటే ఏదో ఒక బదిలీలో ఇవి మీకు పనికొస్తాయి.

ముందు పిల్లి నాలుక సంగతి. మీ చేతిని పిల్లి నాకినప్పుడు గరుకు కాగితంతో రుద్దినట్టు ఉంటుంది కదా. దాని నాలుక మీద వందల కొద్దీ చిన్న ముళ్లు ఉంటాయి. మన గోళ్లు దేనితో తయారవుతాయో ఆ కెరటిన్‌తోనే అవీ తయారవుతాయి. అన్నీ గొంతు వైపు వంగి ఉంటాయి. అమెరికాలోని జార్జియా టెక్‌లో అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హు అనే ఇద్దరు ఇంటి పిల్లి నుంచి పులి, సింహం వరకు ఆరు రకాల పిల్లిజాతి జంతువుల నాలుకలను పరిశీలించి 2018లో ఒక విషయం బయటపెట్టారు. ఈ ముళ్ల కొసలు గుల్లగా, చిన్న గరిటెలా ఉంటాయట. నోట్లోని లాలాజలాన్ని అవి పీల్చుకుని వెంట్రుకల అడుగున చర్మం దాకా తీసుకెళ్తాయి. అంటే పిల్లికి దువ్వెనా, సబ్బునీళ్లూ, ఎండలో చల్లదనమూ అన్నీ నాలుకే. మేలుకుని ఉన్న సమయంలో దాదాపు నాలుగో వంతు అది ఈ పనికే ఖర్చు పెడుతుంది. కాబట్టి పిల్లి నాక్కోవడం జబ్బు కాదు. ఆ ముళ్లతో ఒకేచోట గంటల తరబడి గీకితే వెంట్రుకలు తెగిపోతాయి, అదీ ఇబ్బంది. ముళ్లు లోపలి వైపు తిరిగి ఉంటాయి కనుక తెగిన వెంట్రుకలను ఉమ్మేయడం కుదరదు. మింగాల్సిందే. మల్లి రెండుసార్లు వెంట్రుకల ఉండలు కక్కింది. నేను ఫినాయిల్ వేసి తుడిచేశానే తప్ప, ఎందుకు కక్కిందని ఆలోచించలేదు.

డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న నాకు వింతగా అనిపించింది. "వెంట్రుకలు రాలిపోయాయా, పిల్లి తీసేసుకుందా?"

"అది అంతగా నాక్కోవడం మేం చూడలేదండీ" అన్నాను. ఆవిడ నవ్వారు. చాలా పిల్లులు మనుషులు లేనప్పుడు, రాత్రిపూట, మంచం కింద కూర్చుని ఈ పని చేస్తాయట. చూడలేదంటే జరగలేదని కాదు. తెలుసుకునే దారి వేరే ఉంది. బోడిగా కనిపించే చోట వెంట్రుకలు మొలిచే దిశకు ఎదురుగా వేలితో నిమరాలి. గడ్డం గీసిన మర్నాడు నాన్నగారి చెంపలా గరుకుగా తగిలితే, వెంట్రుక కుదుళ్లలోనే ఉంది, పైభాగం తెగిందన్నమాట. ఆవిడ నాలుగు వెంట్రుకలు పీకి సూక్ష్మదర్శిని కింద పెట్టి మా అమ్మాయిని చూడమన్నారు. మామూలు వెంట్రుక కొస సూదిలా సన్నబడుతుంది. మల్లి వెంట్రుకల కొసలు కొరికిన పుల్లల్లా మొండిగా, చీలి ఉన్నాయి. ఇది నాలుక చేసిన పనే.

ఎక్కడ పోయాయన్నది కూడా ఆధారమే. నాలుక పొట్టను, తొడలను, పక్కలను, ముందుకాళ్లను అందుకుంటుంది. తలను, మెడను అందుకోలేదు. కాబట్టి నుదుటి మీదో చెవి మీదో గుండ్రంగా వెంట్రుకలు పోతే దానికి నాలుక కారణం కాదు. కాలి గోళ్లతో గోక్కుంటూ ఉండాలి, లేదా తామర అయి ఉండాలి. పిల్లుల తామర ఎక్కువగా మైక్రోస్పోరమ్ కానిస్ అనే బూజు వల్ల వస్తుంది, అది మనుషులకు అంటుకుంటుంది. పిల్లిని పక్కలో పడుకోబెట్టుకునే మీలాంటివాళ్లకు ముందు అంటుకుంటుంది. పిల్లికీ మీకూ ఒకేసారి గుండ్రటి మచ్చలు వస్తే ఇద్దరి సంగతీ డాక్టర్లకు చెప్పాలి.

రెండో ప్రశ్న ఇంకా వింతగా ఉంది. "ఇంట్లో మనుషులెవరికైనా దురదలున్నాయా?"

మా అమ్మాయి సాక్సు కిందికి లాగి చూపించింది. చీలమండల చుట్టూ చిన్న చిన్న ఎర్రటి దద్దుర్లు. అవి దోమకాట్లని మేం నెల రోజులుగా దోమల చుట్టలు కాలుస్తున్నాం! దోమ కనిపించిన చోటల్లా కుడుతుంది. మోకాలి కిందే, చీలమండ చుట్టూనే వరసగా కుట్టేది నేల మీది నుంచి దూకే పురుగు. డాక్టర్లు దాన్ని ఫ్లీ అంటారు. మనవాళ్లు పేలు, పిడుదులు, గోమార్లు అన్నీ కలిపేసి మాట్లాడతారు కనుక నేనూ ఫ్లీ అనే అంటాను. పిడుదు ఒకచోట కరుచుకుని కదలదు. ఫ్లీ రెండు మూడు మిల్లీమీటర్ల ముదురు గోధుమరంగు పురుగు, పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉంటుంది, పట్టుకోబోతే దూకేస్తుంది.

"మా పిల్లికి పురుగులు లేవండీ, రోజూ చూస్తాం" అన్నాను, కాస్త పౌరుషంగానే. అప్పుడావిడ సన్న పళ్ల దువ్వెనతో తోక మొదట్లో పదిసార్లు దువ్వి, వచ్చిన దుమ్మును తడి దూది మీద రాల్చారు. మిరియాల పొడిలాంటి నల్లని నలుసులు పడ్డాయి. నిమిషంలో ఒక్కో నలుసు చుట్టూ ఎర్రటి వలయం ఏర్పడింది. మామూలు మట్టి అయితే అలా ఎర్రబడదు. అది మల్లి రక్తమే, ఫ్లీ తాగి విసర్జించినది. ఈ పరీక్ష మీరు ఇంట్లో చేయవచ్చు. దువ్వెన, తెల్ల కాగితం, తడి దూది ఉంటే చాలు.

మరి పురుగులు ఎందుకు కనిపించలేదు? మల్లి తినేసింది కనుక. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎక్‌స్టైన్, బెంజమిన్ హార్ట్ 2000లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని చక్కగా చూపిస్తుంది. ఫ్లీలు ఉన్న చోట కొన్ని పిల్లులకు మెడ చుట్టూ గరాటు లాంటి పట్టీ కట్టి నాక్కోనివ్వలేదు, కొన్నింటిని మామూలుగా వదిలారు. మూడు వారాల తరువాత లెక్కిస్తే, పట్టీ కట్టిన పిల్లుల మీద దాదాపు రెండు రెట్లు ఫ్లీలు ఉన్నాయి. నాలుక అంత సమర్థమైన ఆయుధం. దాని వల్ల మనకు ఒక చిక్కు కూడా ఉంది. ఎక్కువగా నాక్కునే పిల్లి మీద సాక్ష్యం మిగలదు. కొన్ని పిల్లులకు ఫ్లీ లాలాజలం పడదు. వాటికి ఒళ్లంతా పురుగులు ఉండనక్కర్లేదు, కొద్దిపాటి కాట్లకే రోజుల తరబడి దురద. వెంట్రుకలు నాక్కోకుండా పట్టీ కట్టి ఊరుకుంటే సరిపోతుందనుకునేవాళ్లు కూడా ఈ ప్రయోగాన్ని గుర్తుపెట్టుకోవాలి. పట్టీతో నాకడం ఆగుతుంది కానీ దురద ఆగదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కాకినాడలో లేని ఫ్లీలు ఇక్కడ ఎక్కడి నుంచి వచ్చాయి? బయటికి వెళ్లని పిల్లి అది. జవాబు మా క్వార్టర్స్‌లోనే ఉంది. బదిలీల మీద తిరిగే ఇళ్లకు ఈ సంగతి మరీ ముఖ్యం.

మాకు ముందు ఆ ఇంట్లో ఉన్న కుటుంబానికి రెండు పిల్లులు ఉండేవట. వాళ్లకు బదిలీ అయ్యాక ఇల్లు నాలుగు నెలలు ఖాళీగా ఉంది. ఆడ ఫ్లీ పిల్లి ఒంటి మీదే గుడ్లు పెడుతుంది, రోజుకు నలభై దాకా. అవి నున్నగా ఉండి జారి నేల మీద పడతాయి. పొదిగాక వచ్చే పురుగుపిల్లలు వెలుతురుకు దూరంగా గుమ్మాల సందుల్లోకి, నేల పగుళ్లలోకి పాకుతాయి. పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండు రక్తమే వాటికి తిండి. ఆ తరువాత పట్టులాంటి దారంతో గూడు అల్లుకుంటాయి. గూడుకు దుమ్ము అంటుకుని నేల రంగులో కలిసిపోతుంది. గూడులో ఎదిగిన ఫ్లీ వెంటనే బయటికి రాదు. బయట రక్తం దొరికే జంతువు ఉందని తెలిసేదాకా నెలల తరబడి కదలకుండా ఆగగలదు. నేల అదిరితే, వెచ్చదనం తగిలితే, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సోకితే అప్పుడు బయటికి దూకుతుంది.

ఒకసారి ఊహించుకోండి. ఖాళీ ఇల్లు. లారీ వచ్చి ఆగింది. బీరువా దించారు, మంచాలు ఈడ్చారు, అందరూ గదుల్లో తిరిగారు. ఆ గూళ్లన్నీ తెరుచుకున్నది మనం గృహప్రవేశం చేసిన రోజే!

సముద్రం పక్క ఊరు కావడం కూడా ఫ్లీలకు కలిసొచ్చింది. గాలిలో తేమ తక్కువగా ఉంటే, అంటే సగానికి తగ్గితే, ఫ్లీ పిల్లలు ఎండి చచ్చిపోతాయి. పుదుచ్చేరిలో ఉప్పు డబ్బా మూత తీస్తే చాలు ఉప్పు నీరవుతుంది. అలాంటి చోట ఫ్లీలకు ఏడాది పొడవునా పండగే. రేపు మీకు జైసల్మేర్ బదిలీ అయితే ఈ బాధ తగ్గవచ్చు. అక్కడి ఇబ్బందులు అక్కడ ఉంటాయనుకోండి.

ఇక వైద్యం. ఇక్కడ మా ఇంట్లో జరగబోయిన పొరపాటు ఒకటి చెప్పాలి. అంతకు ముందు రోజే మావారు ఒక దుకాణంలో "పేలకు, పిడుదులకు" అని అడిగి కుక్కల మందు సీసా కొనుక్కొచ్చారు. డాక్టరుగారు దాని వెనక చిన్న అక్షరాలు చదివి సీసాను పక్కన పెట్టేశారు. అందులో పర్‌మెత్రిన్ ఉంది. కుక్క ఒంట్లో అది విరిగిపోయి బయటికి వెళ్తుంది. పిల్లి కాలేయానికి దాన్ని అలా విరిచే శక్తి చాలా తక్కువ. వణుకు, మూర్ఛ వస్తాయి, ప్రాణం పోవచ్చు. ఇదే లోపం వల్ల మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ కూడా పిల్లికి విషమే. కర్పూరం నూనె, కిరోసిన్, నాఫ్తలీన్ ఉండలు వంటి ఇంటి చిట్కాల గురించి అడిగాను. "పిల్లి ఒంటి మీద పూశారంటే నోట్లో పోసినట్టే. నాకేస్తుంది కదా" అన్నారు. అంతవరకు నాకు తట్టలేదు.

మల్లిని తూచారు. మూడు కిలోల రెండు వందల గ్రాములు. ఆ బరువుకు తగిన, పిల్లుల కోసమే చేసిన చుక్కల మందును నాలుక అందని మెడ వెనక చర్మం మీద వేశారు. నెలకోసారి, కనీసం మూడు నెలలు వేయాలి, ఫ్లీలు కనిపించకపోయినా సరే. గూళ్లలో ఉన్నవాటి మీద మందులు సరిగా పనిచేయవు. అవి బయటికి వచ్చినప్పుడల్లా పిల్లి ఒంటి మీది మందుతో చావాలి. ఇంట్లో మేం చేసింది చీపురు పనే. రోజూ గుమ్మాల సందులు, మంచాల కింద ఊడ్చి, ఆ దుమ్మును సంచిలో కట్టి బయట పారేశాం. పరుపు మీది దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతికాం. నట్టల మందు కూడా వేశారు. ఫ్లీని మింగితే దానిలో ఉండే బద్దెపురుగు పిల్లలు పిల్లి పేగుల్లో పెరుగుతాయి కనుక.

అన్ని పిల్లులకూ ఫ్లీలే కారణమని అనుకోకండి. కొన్నింటికి తిండి పడదు. పిల్లులకు ఎక్కువగా పడనివి గొడ్డుమాంసం, చేప, కోడిమాంసం అని చెబుతారు. అది తేలాలంటే ఎనిమిది వారాల పాటు అవి ఎన్నడూ తినని ఒకే రకం తిండి పెట్టి చూడాలి. ఆ ఎనిమిది వారాలూ పిల్లలు దొంగచాటుగా ఏమీ పెట్టకూడదు, కష్టమే. పొట్ట కింది భాగాన్నే పదే పదే నాకుతుంటే లోపల మూత్రాశయం నొప్పి కావచ్చు. మగపిల్లి మూత్రానికి కూర్చుని, ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే మర్నాటిదాకా ఆగకండి, ఆ క్షణమే తీసుకెళ్లాలి. పుదుచ్చేరిలో కురుంబపేటలోని రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ గురించి చాలామందికి తెలుసు. ఏ ఊరికి బదిలీ అయినా, గ్యాసు కనెక్షన్ ఎక్కడో కనుక్కున్నట్టే పశువైద్యశాల ఎక్కడో కూడా మొదటి వారంలోనే కనుక్కోండి.

మరి బెంగ? అది ఉండదా?

ఉంటుంది. కానీ దాన్ని చివర వెతకాలి, మొదట కాదు. 2006లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. మనసు బాగోలేక వెంట్రుకలు నాకేసుకుంటున్నాయని అనుమానించిన 21 పిల్లులను పూర్తిగా పరీక్షించారు. వాటిలో 16 పిల్లులకు దురద పుట్టించే అసలు జబ్బు బయటపడింది. మూడింటికి జబ్బూ బెంగా రెండూ ఉన్నాయి. ఒట్టి బెంగ ఉన్నవి రెండే. మల్లిని తిరిగి కాకినాడ పంపించి ఉంటే దాని దురదకు కారణం మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మా అమ్మాయి చీలమండల దద్దుర్లు మాత్రం అలాగే ఉండేవి.

మల్లి ఆ మూడింటి కోవలోది. మొదటి డోసు వేసిన నెలకు దురద తగ్గి గరుకు వెంట్రుకలు మొలిచాయి. అయినా సాయంత్రం పూట కాసేపు ముందుకాలు నాకుతూ ఉండేది. ఎప్పుడు నాకుతోందో వారం పాటు మా అమ్మాయి నోటుపుస్తకంలో రాసింది. ప్రతిసారీ, పక్క మేడ మీది గండుపిల్లి మా కిటికీ గట్టు మీద వచ్చి కూర్చున్న తరువాతే. కిటికీ కింది సగానికి పాత వార్తాపత్రిక అంటించాం. అది నాకుతున్నప్పుడు కోప్పడలేదు, కోప్పడితే భయం ఇంకా పెరుగుతుంది. బదులుగా ఆ వేళకు దారానికి కట్టిన కాగితపు ఉండతో పది నిమిషాలు ఆడించేది మా అమ్మాయి.

అట్టపెట్టె సంగతి కూడా చెప్పాలి. నెదర్లాండ్స్‌లో 2014లో ఆశ్రయకేంద్రానికి కొత్తగా వచ్చిన పిల్లుల్లో సగానికి దాక్కోవడానికి పెట్టె ఇచ్చి, సగానికి ఇవ్వకుండా చూశారు. పెట్టె ఉన్నవి మొదటి కొద్ది రోజుల్లోనే త్వరగా కుదుటపడ్డాయి. బదిలీ మీద వచ్చిన ఇంట్లో అట్టపెట్టెలకు కొదవా? మేం మాత్రం వచ్చిన మూడో రోజే అన్నీ పాతసామాను అతనికి అమ్మేశాం, ఇల్లు శుభ్రంగా కనబడాలని. వచ్చేసారి ఒకటి ఉంచండి. పక్కలకు దారి కోసి, మంచం పక్కన పెడితే చాలు. ఉతికిన దుప్పట్లకు పాత వాసన పోతుందని భయముంటే, ఒక మెత్తటి గుడ్డతో పిల్లి చెంపలు తుడిచి ఆ గుడ్డను పెట్టెలో వేయండి. తన వాసన తనకు దొరుకుతుంది.

మూడో డోసు పూర్తయ్యేసరికి మల్లి పొట్ట తెల్లగా నిండింది. యానాం ఆవిడ వచ్చి పొట్ట తడిమి చూసి, "అయితే మా ఇంట్లో కూడా చీలమండల మీదే కుడుతోంది, ఆ డాక్టరు ఎక్కడ?" అని అడిగారు.

మా అమ్మాయి ఆ నోటుపుస్తకాన్ని పారేయలేదు. మల్లి బరువు, వేసిన మందుల పేర్లు, తేదీలు, ఏం తింటుంది, గండుపిల్లి ఎన్నిసార్లు వచ్చింది, అన్నీ అందులో ఉన్నాయి. తరువాతి ఊరి డాక్టరుకు చూపించాలట. అట్ట మీద "మల్లి టీసీ" అని రాసింది.